మోకాలు, మాట, కాలము



నేటి ప్రసంగమునకు నేను ఎన్నుకొన్న విషయము మనకు చాల దూరమున, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని విశ్వవిద్యాలయముల ఆటస్థలములలో జరుగునది. అక్కడి కళాశాలలు బాస్కెట్‌బాల్ ఆడు బాలబాలికలను, వారు ఇంకను ఉన్నత పాఠశాలలో చదువుచుండగనే వెదకి, పరీక్షించి, స్కాలర్‌షిప్ నొసగి తమ జట్టులలో చేర్చుకొనుట బహుకాలముగా నడచుచున్న ఆచారము. అట్లు కోరబడిన బిడ్డకు మోకాలు దెబ్బతిన్ననాడు ఆ ఆచారములోని మంచియు చెడ్డయు ఒక్కపెట్టున వెలికి వచ్చును. బిడ్డకు ఇచ్చిన మాట విలువ యెంత, గాయము మానుటకు కావలసిన కాలమును ఓర్చుకొనగల ధైర్యము పెద్దలకు ఎంత కలదు అను రెండు ప్రశ్నలు అప్పుడు తప్పించుకొనరానివగును. ఆటలాడు బిడ్డ గల ప్రతి ఇంటికిని ఈ ప్రశ్నలు చెందినవే గనుక, వీనిని మీ యెదుట ఉంచుచున్నాను.

బాస్కెట్‌బాల్ పుట్టినదే విద్యాలయములో. 1891 డిసెంబరులో, మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున, చలికి బయట ఆడలేని విద్యార్థుల కొఱకు జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు రెండు పండ్లబుట్టలను ఎత్తున కట్టించి ఈ ఆటను కల్పించెను. కొలది కాలమునకే అదే రాష్ట్రమందలి స్మిత్ కళాశాలలో సెండా బెరెన్‌సన్ అను ఉపాధ్యాయిని దానిని యువతులకు నేర్పెను. అయినను, యువతులు ఆటబలముచేత విశ్వవిద్యాలయములో ఉచితముగా చదువుకొనగలుగుటకు మఱి యెనుబది యేండ్లు పట్టినది. ప్రభుత్వ ధనసహాయము పొందు విద్యాసంస్థలలో స్త్రీపురుష భేదము చూపరాదని 1972లో చేసిన చట్టమే వారికి ఆ ద్వారమును తెఱచినది. కళాశాల క్రీడలను పాలించు ఎన్.సి.ఏ.ఏ. అను సంస్థ 1982 నుండి స్త్రీల బాస్కెట్‌బాల్‌కు జాతీయ పోటీని నడపుచున్నది.

నేడు ఆ సంస్థ మొదటి శ్రేణిలో 350కి పైగా విశ్వవిద్యాలయములు కలవు. పూర్తి స్కాలర్‌షిప్ లభించిన విద్యార్థికి చదువు రుసుము, వసతి, భోజనము, పుస్తకములు అన్నియు విశ్వవిద్యాలయమే చూచుకొనును. సామాన్య కుటుంబమునకు ఇది ఒక తరము భాగ్యమును మార్చగల సహాయము. కావుననే అన్వేషణ ఇరువైపుల నుండియు తీవ్రముగా సాగును. వేసవిలో దేశమంతట జరుగు బాలబాలికల పోటీలకు కోచ్‌లు వచ్చి, ఆటస్థలము ప్రక్కన వరుసగా కూర్చుండి, ఎవరి చేయి నేర్పరియో, ఎవరి చూపు విశాలమో, తప్పు జరిగినప్పుడు ఎవరి ముఖము ఎట్లు మాఱుచున్నదో గమనించుచుందురు. పత్రికలు ఆ పిల్లలకు నక్షత్రములు వేసి, సంఖ్యలిచ్చి, వరుసలో నిలుపును. ఈ వేట బిడ్డల చదువును మ్రింగివేయకుండుటకై ఎన్.సి.ఏ.ఏ. సంవత్సరమును విభజించినది: కోచ్ వచ్చి ఇంటివారితో మాటలాడుటకు ఒక కాలము, దూరమునుండి ఆట చూచుటకు ఒక కాలము, ముఖాముఖి కలియుట సర్వథా నిషిద్ధమైన కాలము మఱియొకటి.

ఇట్టి అన్వేషణలో ఒక బాలిక కథ నాకు తార్కాణముగా తోచుచున్నది. ఆమె పేరు అజీ ఫడ్. 2002 నవంబరు 11న వర్జీనియా రాష్ట్రమున పుట్టినది. తల్లి స్వయముగా కళాశాల జట్టులలో ఆడి పేరు పొందిన క్రీడాకారిణి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు 1990లో జాతీయ విజయమును, దేశమునకు 1996 ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకమును తెచ్చిన జట్టులలోని జెనిఫర్ అజీ పేరునే కుమార్తెకు పెట్టిరి. ఆ బాలిక వాషింగ్టన్ నగరమందలి సెయింట్ జాన్స్ కాలేజ్ హైస్కూల్‌లో చేరి, బంతిని బుట్టలోనికి విసరుటలో ఎట్టి నేర్పు సంపాదించెననగా, ప్రఖ్యాత క్రీడాకారుడు స్టీఫెన్ కరీ ఎంపికచేసిన బాలురకు నడపు శిబిరమునకు 2018లో తొలిసారిగా ఇద్దరు బాలికలను పిలిచినప్పుడు వారిలో ఒకతెయై వెళ్లి, దూరపు షాట్ల పోటీలో బాలురనందఱిని మించి గెలిచినది. మరుసటి సంవత్సరము దేశములోని హైస్కూల్ బాలికలందఱిలో ఉత్తమ క్రీడాకారిణికి గేటరేడ్ సంస్థ యిచ్చు పురస్కారము ఆమెకు లభించినది. పాఠశాలలో రెండవ యేట చదువుచున్న బాలికకు ఆ గౌరవము దక్కుట అదియే మొదలు. దేశములోని గొప్ప జట్టుల కోచ్‌లందఱి దృష్టియు ఆమె మీదనే నిలిచియుండెను.

అట్టి సమయమున, 2019 ఏప్రిల్‌లో, పదునెనిమిదేండ్లలోపు వారికి జరుగు ముగ్గురేసి ఆటగత్తెల జాతీయ పోటీలో ఆడుచుండగా, ఆమె కుడి మోకాటిలోని రెండు ముఖ్య బంధములు తెగిపోయినవి.

ఆ రెంటిలో ఒక బంధమేమో, అది తెగిన నేమగునో కొంచెము వివరింతును. తొడయెముకకును క్రిందికాలి పెద్దయెముకకును నడుమ, మోకాటి లోపల ఏటవాలుగా సాగిన, మూడు సెంటీమీటర్ల పాటి పొడవుగల బలమైన కట్టు ఒకటి కలదు. వైద్యులు దానిని యాంటీరియర్ క్రూసియేట్ లిగమెంట్ అందురు. ఆటస్థలములో దానికి ఏ.సి.ఎల్. అనియే వాడుక. క్రిందికాలు ముందునకు జారిపోకుండను, అతిగా మెలిదిరుగకుండను కాపాడునది ఇదియే. ఇది తెగుటకు ప్రత్యర్థి వచ్చి తాకనక్కఱలేదు. పరుగులో హఠాత్తుగా ఆగి దిశ మార్చునప్పుడో, ఎగిరి ఒంటికాలిపై దిగునప్పుడో, మోకాలు లోనికి వాలి మెలిపడినచో చాలును. కీలులో టప్పుమను శబ్దము వినవచ్చినదని పలువురు చెప్పుదురు, కొలది గంటలలోనే లోపల రక్తము నిండి మోకాలు ఉబ్బును. ఒకే ఆట ఆడు బాలురకంటె బాలికలకు ఈ ప్రమాదము రెండు మూడు రెట్లు అధికము. శరీర నిర్మాణమును, ఎగిరి దిగు తీరును, కండరముల శిక్షణలోని లోపమును ఇందుకు కారణములుగా చెప్పుచున్నారు.

ఈ కట్టు తెగినచో, చర్మము మీది గాయమువలె తనంత తాను అతుకుకొనుట అరుదు. కావున మరల మైదానమునకు రాగోరు యువక్రీడాకారులకు శస్త్రవైద్యులు సాధారణముగా రోగి మోకాలిచిప్ప క్రింది స్నాయువునుండియో, తొడ వెనుకటి స్నాయువునుండియో ఒక ముక్కను తీసి, రెండెముకలలోను సొరంగములు తొలిచి, దానిని అందులో బిగింతురు. అప్పటినుండి శరీరము తన పనిని మెల్లగా ఆరంభించును. పరాయి చోటనుండి వచ్చిన ఆ ముక్కలోనికి క్రొత్త రక్తనాళములు ప్రవేశింపవలెను, పాత కణములు నశించి క్రొత్తవి నిండవలెను, స్నాయువు క్రమముగా బంధముగా మారవలెను. ఇందు మిక్కిలి గమనింపదగిన దేమనగా, శస్త్రచికిత్స జరిగిన రెండుమూడు నెలలకు నొప్పి తగ్గి, నడక చక్కబడి, తాను బాగుపడితినని బిడ్డ నమ్ముచుండు దినములలోనే లోపలి క్రొత్తకట్టు అత్యంత దుర్బలముగా ఉండును. శరీరము చెప్పు సుఖమునకును కీలులోని సత్యమునకును పొత్తు కుదరని కాలమది. తల్లిదండ్రులును కోచ్‌లును బిడ్డకు బదులుగా వివేకము వహింపవలసిన కాలమును అదియే.

తిరిగి ఆటకు వచ్చు మార్గము మెట్లు మెట్లుగా నడచునది. మొదటి వారములలో వాపు తగ్గించుట, కాలిని పూర్తిగా చాచగలుగుట, గాయము తాకిడికి నిద్రపోయినట్లున్న తొడ ముందరి కండరమును మేల్కొలుపుట, ఇవియే పని. ఎన్నో ఆటలు గెలిచిన క్రీడాకారిణి మంచము మీద కాలు చాచి ఒక్క కండరమును బిగించుటకై చెమటోడ్చును. పిదప ఊతకఱ్ఱలు విడుచుట, స్థిరచక్రముపై కాళ్లాడించుట, కూర్చుండి లేచుట. మూడు నాలుగు నెలలకు తిన్నని దారిలో మెల్లని పరుగు. మఱి కొంతకాలమునకు ఎగురుటయు, ముఖ్యముగా మెత్తగా దిగుటయు. అటుపిమ్మటనే దిశమార్చు పరుగులు, తుదకు ప్రత్యర్థుల నడుమ ఆట. గాయపడిన కాలి బలము రెండవ కాలి బలములో నూటికి 90 వంతులైనను చేరనిదే ఆటకు అనుమతింపరాదని చాలమంది చికిత్సకుల నియమము. డెలవేర్ రాష్ట్రము, ఓస్లో నగరముల పరిశోధకులు కలిసి 2016లో ప్రకటించిన అధ్యయనమున తేలినదేమనగా, శస్త్రచికిత్స పిమ్మట తొమ్మిది నెలల వఱకును, ఆటకు మరలుట ఒక్కొక్క నెల ఆలస్యమైన కొలది మోకాలు మరల గాయపడు అపాయము ఇంచుమించు సగమేసి తగ్గుచు వచ్చినది. ఓర్పును వైద్యముగా లెక్కించుటకు ఇంతకంటె స్పష్టమైన ఆధారము వేఱొకటి అక్కఱలేదు.

శరీరముతో పాటు మనస్సునకును మరమ్మతు కావలసియుండును. నిన్నటివఱకు తన పేరు పిలుపుతో మారుమ్రోగిన ఆటస్థలములో ప్రక్కబల్లమీద కూర్చుండి తోటివారి ఆట చూచుట, తన స్థానములో మఱియొకరు స్థిరపడుటను సంతోషముతో అంగీకరింపవలసివచ్చుట, ఆడినప్పుడుగాని తానెవరో తనకే తెలియని వయస్సులో ఆట లేకుండ దినములు గడపుట, పదునాఱేండ్ల బిడ్డకు తేలికయగునా? కాలు నయమైన తరువాత కూడ, అదే చోట అదే విధముగా ఎగురవలసి వచ్చిన క్షణమున మనస్సు వెనుదీయును. ఈ భయమును పిఱికితనమని నిందించు కోచ్ వైద్యమునకు శత్రువు. దానిని సహజమని తెలిసికొని కొంచెము కొంచెముగా ధైర్యము నేర్పువాడే గురువు.

ఇక ఆ గాయము వలన అజీ ఫడ్‌ను కోరిన విశ్వవిద్యాలయములు వెనుకకు తగ్గినవా అనగా, ఆమె విషయములో అట్లు జరుగలేదు. చికిత్స ముగించుకొని ఆమె తరువాతి ఋతువులోనే మరల ఆటకు వచ్చినది. 2021లో కళాశాలలో చేరనున్న బాలికలలో ఆమెకు ప్రథమస్థానమే నిలిచినది. ఇంతలో మహమ్మారి వచ్చి, 2020 మార్చి మొదలు 2021 మే ఆఖరు వఱకు కోచ్‌లు విద్యార్థులను ముఖాముఖి కలియుటయే నిషిద్ధమైనది. ఆ నిర్బంధము నడుమ, 2020 నవంబరు 11న, తన పదునెనిమిదవ జన్మదినమున, ఆమె కనెటికట్ విశ్వవిద్యాలయమును ఎన్నుకొనెను. స్టోర్స్ అను చిన్న పట్టణములోని ఆ విశ్వవిద్యాలయమున జీనో ఆరియెమ్మా అను కోచ్ 1985 నుండి స్త్రీల జట్టును తీర్చిదిద్దుచు, 2016 నాటికి పదునొకండు జాతీయ విజయములను సాధించియుండెను.

అటుపిమ్మటి నాలుగేండ్లు ఆ యెన్నికకు కఠినపరీక్షలు. మొదటియేట పాదమునకు గాయము; రెండవయేట, 2022 డిసెంబరులో, కుడి మోకాటికి దెబ్బ, మాన్పుకొని వచ్చిన వెంటనే మరల అదే మోకాలు; మూడవయేట రెండు ఆటలు మాత్రమే ఆడి, 2023 నవంబరులో సాధనలో అదే కాలి ఏ.సి.ఎల్. రెండవమాఱు తెగి, మోకాటి మెత్తయగు మెనిస్కస్ కూడ చినిగెను. ఆమె సహచరి, ఆ జట్టుకు ప్రాణమనదగిన పేజ్ బెకర్స్, 2022 ఆగస్టులో ఎడమకాలి ఏ.సి.ఎల్. తెగి ఒక సంవత్సరమంతయు ఆడలేకపోయినది. ఇంతటి ప్రతిభావంతులను కూర్చుకొన్న జట్టు యేటేట జాతీయ విజయమునకు దూరమగుచుండగా, గాయపడినవారిని త్వరపెట్టవలెనను ఆశ ఎవరికైనను కలుగదగినదే. ఆ ఆశకు లొంగక జట్టు వేచినది. గాయపడిన కాలితో ఒక ఋతువును కోల్పోయిన విద్యార్థికి ఆడు అర్హతలో ఆ సంవత్సరమును లెక్కింపకుండ విడుచు నియమము కూడ ఆమెకు తోడైనది.

2024 నవంబరులో, ఒక సంవత్సరమునకు పైగా గడచిన పిదప, అజీ ఫడ్ మరల ఆటస్థలములో అడుగిడెను. 2025 ఏప్రిల్ 6న టాంపా నగరమున జరిగిన జాతీయ తుదిపోటీలో కనెటికట్ జట్టు 82–59 పాయింట్లతో సౌత్ కరొలైనా జట్టును ఓడించి, తొమ్మిదేండ్ల పిమ్మట తన పండ్రెండవ విజయమును పొందెను. ఆనాడు 24 పాయింట్లు సాధించిన అజీ ఫడ్‌ను చివరి ఘట్టమునకు సర్వోత్తమ క్రీడాకారిణిగా ప్రకటించిరి.

అయితే శ్రోతలారా, విజయముతో ముగిసిన కథను మాత్రమే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. నార్త్ కరొలైనా రాష్ట్రమునకు చెందిన హ్యారీ జైల్స్ అను బాలుడు తన వయస్సు వారిలో దేశమునకే అగ్రగణ్యులలో ఒకడు. 2013లో ఉరుగ్వే దేశమున స్వదేశము తరఫున ఆడుచుండగా ఎడమ మోకాలు దెబ్బతినెను. దానిని జయించి, 2015 నవంబరులో డ్యూక్ విశ్వవిద్యాలయమునకు మాటయిచ్చిన కొలది దినములకే కుడి మోకాటి ఏ.సి.ఎల్. తెగెను. డ్యూక్ తన మాటను వెనుకకు తీసికొనలేదు; అతడు చేరెను, మఱియొక చిన్న చికిత్స పిమ్మట ఆడెను, కాని పూర్వపు వేగము ఆ యేట అతని కాళ్లకు తిరిగి రాలేదు. 2017లో వృత్తి జట్టుల ఎంపికలో ఇరువదవవాడుగా ఎన్నికయ్యెను. అతనిని తీసికొన్న సేక్రమెంటో జట్టు మొదటి సంవత్సరమంతయు ఆడింపక కాలిని బలపఱచుటకే విడిచినది. ఇతని కథలో జయధ్వానములు తక్కువయే. అయినను మాట నిలుపుకొన్నవారి ధర్మము ఫలితమును బట్టి తగ్గునది కాదు గనుక, డ్యూక్ చేసినది కనెటికట్ చేసినదానికి తీసిపోదు.

పేరుమోసిన బిడ్డలకు ఇట్టి ఆదరము దొరకుట కొంత సులభము. పేరులేని వేలమంది మాటయేమి? కోచ్ నోటితో చేయు వాగ్దానము చట్టరీత్యా ఎవ్వరిని బంధింపదు. 1964 నుండి వాడుకలోనున్న సంతకపు ఒప్పందపత్రమును సైతము 2024లో రద్దుచేసిరి. 1973 నుండి చిరకాలము స్కాలర్‌షిప్ ఏడాదికేడాది పొడిగింపవలసినదిగా ఉండెను; గాయపడినవానికి మరుసటి యేట దానిని మెల్లగా విడిచిపెట్టు అవకాశము విశ్వవిద్యాలయములకు ఉండెను. 2012లో అనేక సంవత్సరములకు ఒకేసారి ఇచ్చుటకు వీలు కలిగినది. 2015లో అయిదు పెద్ద సమాఖ్యలలోని విశ్వవిద్యాలయములు, ఆటలో వెనుకబడుట చేతగాని గాయము చేతగాని స్కాలర్‌షిప్ తీసివేయరాదని తమకు తామే నియమము విధించుకొన్నవి. 2024 ఆగస్టు నుండి ఈ రక్షణ మొదటి శ్రేణి అంతటికిని విస్తరించినది. ఆటలో కలిగిన గాయమునకు చదువు ముగిసిన పిమ్మట రెండేండ్ల వఱకైనను వైద్యవ్యయము భరింపవలెనను నియమమును చేరినది. ఒక్కొక్క నియమము వెనుక పేరు తెలియని ఎందఱో బిడ్డల కష్టము కలదని నేను నమ్ముచున్నాను. 2021 జులై నుండి విద్యార్థి క్రీడాకారులు తమ పేరుమీద ధనము గడించుటకు అనుమతి కలిగినది. 2025 నుండి విశ్వవిద్యాలయములే నేరుగా ధనమిచ్చుచున్నవి. ధనము పెరిగిన కొలది తొందర పెరుగును. తొందర పెరిగిన కొలది ఈ రక్షణలు మఱింత అవసరమగును.

మనకు ఇట్టి ఉదాహరణము లేకపోలేదు. మన పుల్లెల గోపీచంద్ 1990ల నడుమ మోకాటి బంధము తెగి, శస్త్రచికిత్సలకు లోనై, మరల రాకెట్టు పట్టునా యని అందఱును సందేహించుచుండగా, సాధనచేత కాలిని నిలుపుకొని 2001లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ బిరుదమును గెలిచెను. ఆ విజయము వెనుక నున్న నిరీక్షణ మనకు తెలియును. అయినను మన పాఠశాలలలో ఎందఱు బిడ్డలకు ఆ నిరీక్షణ లభించుచున్నది? జిల్లా పోటీ దగ్గఱపడినదని వాచిన మోకాటికి కట్టు కట్టి ఆడించుట, లిగమెంటు తెగినదని తెలియక నెలల తరబడి తైలము మర్దించుట, శస్త్రచికిత్స చేయించిన తరువాత వ్యాయామ చికిత్సకు డబ్బు లేదని మధ్యలో మానివేయుట, ఇవి మనవద్ద సామాన్యముగా జరుగుచున్నవి. శస్త్రచికిత్స సగము వైద్యము. మిగిలిన సగము తొమ్మిది నెలల వ్యాయామము. ఆ రెండవ సగము లేనిచో మొదటిది వ్యర్థము.

తల్లిదండ్రులకును, పాఠశాలల వ్యాయామోపాధ్యాయులకును నా మనవి యిది. ఆటకు ముందు పది పదునైదు నిమిషములు ఎగిరి మెత్తగా దిగుట, మోకాలు లోనికి వాలనీయక వంగుట, తొడ వెనుకటి కండరములను బలపఱచుట నేర్పుడు. శాస్త్రీయముగా నడపిన ఇట్టి సాధన బాలికలలో ఏ.సి.ఎల్. గాయములను ఇంచుమించు సగమునకు తగ్గించినట్లు పరిశోధనలు చూపినవి, దీనికి ఖర్చు లేదు. మోకాలు ఉబ్బినచో ఆట ఆపి ఎముకల వైద్యునికి చూపుడు. ఆటబలముచేత సీటు ఇత్తుమని ఏ కళాశాల వచ్చినను, గాయపడిన నాడు మా బిడ్డ చదువు ఏమగునని మొట్టమొదట అడుగుడు, చెప్పిన సమాధానమును వ్రాతపూర్వకముగా తీసికొనుడు. మన ప్రభుత్వములును విశ్వవిద్యాలయములును క్రీడల కోటాలో చేర్చుకొన్న విద్యార్థికి గాయమైనచో చికిత్సా వ్యయమును, చదువు కొనసాగింపును తమ బాధ్యతగా శాసనముచేత అంగీకరింపవలెను. బిడ్డ ఆడగలిగినంతకాలము మాత్రమే నిలుచు మాటను మాట యనరాదు. ఆడలేని తొమ్మిది నెలలలో నిలిచినదే మాట.